బుడ్డ క్యాబేజీల మూడో బంతి

అనగనగా ఓ చల్లటి కొండ మీద ఒక అడవి. ఆ అడవిలో జంతువులన్నీ కలిసి ఒకే వంటశాల పెట్టుకున్నాయి. అక్కడ వండేది శాకాహారమే. బంతిలో పెద్దపులి పక్కన జింక కూర్చోవాలి కదా మరి. పులి ఆ కాసేపు బుద్ధిగా పప్పన్నం కలుపుకుని తినేది. మిగతా వేళల్లో అదేం తినేదో మనకెందుకు, అన్నాల దగ్గర అలాంటివి అడక్కూడదు.

వంట చేసేది ఎలుగుబంటి ఆదెమ్మ. ఆమె పనసపొట్టు కూర వండిందంటే కోతులు కూడా అల్లరి మానేసి ఆకుల ముందు కూర్చునేవి. అయితే ఆదెమ్మకి ఒక పట్టింపు ఉంది. ఎంగిలవుతుందని, బంతి లేచేదాకా వండినది నోట్లో వేసుకోదు. ఉప్పు సరిపోయిందో లేదో వాసన చూసే చెప్పేస్తుంది. అందరూ తిన్నాక ఇంత పెరుగన్నంలో ఆవకాయ ముక్క నంజుకుని పడుకుంటుంది. అంటే ఆమె కూరల రుచి అడవంతటికీ తెలుసు, ఆమెకి తప్ప.

అదే అడవిలో కుందేలు చిన్నాలు ఉండేది. దానికి నలుగురు పిల్లలు, ఒక చిన్న మడి. ఒక ఏడు చలిదేశం నుంచి వచ్చిన కొంగ దానికి గుప్పెడు విత్తనాలిచ్చింది. బ్రసెల్స్ స్ప్రౌట్స్ అని ఏదో నోరు తిరగని పేరు చెప్పింది. మొలిచాక చూస్తే కాండం పొడుగునా ఉసిరికాయలంత క్యాబేజీలు. అడవిలో అందరూ వాటిని బుడ్డ క్యాబేజీలు అన్నారు.

ఆ అడవిలో తిండి పండే నేల కొంచెమే. అందుకని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. కొత్త పంటను మూడు బంతుల్లో వడ్డించాలి. మూడుసార్లూ ఆకుల్లో మిగిలిపోతే ఆ మడి ఇంకొకరికి ఇచ్చేయాలి. అడవిపంది గంటయ్య ఆ మడి మీద ఎప్పుడో కన్నేశాడు. నాటడానికి చేమదుంపలు కూడా ఏరి పెట్టుకున్నాడు.

మొదటి బంతి రోజు వచ్చింది. క్యాబేజీ అన్నారు కాబట్టి ఆదెమ్మ క్యాబేజీలాగే అనుకుంది. అన్నింటినీ అలాగే పెద్ద గిన్నెలో పోసి, నిండా నీళ్ళు పెట్టి, మూత వేసి, పొద్దుటి నుంచి ఉడికించింది. మూత తీయగానే వంటశాలంతా కుళ్ళిన గుడ్డు వాసన. ఏనుగు తొండం మడిచి నోట్లో దాచుకుంది. జింక కూరను ఆకు మడతలో దాచేసింది. మీరు కాకరకాయ దాచినట్టే, నేను చూడలేదనుకుంటారు.

రెండో బంతికి ఆదెమ్మకి పంతం వచ్చింది. ఆ వాసన పోవాలని ఇంకో గంట ఎక్కువ ఉడికించింది. బెల్లం గడ్డ పడేసింది, చారెడు కారం చల్లింది. ఈసారి ఏనుగు అసలు రానే లేదు. గంటయ్య మాత్రం హాయిగా నవ్వుకుంటూ మడి కొలుచుకోవడానికి వెళ్ళాడు.

చిన్నాలుకి భయం పట్టుకుంది. మడి పోతే పిల్లలకి ఏం పెట్టాలి? చాలాసేపు వెనకాముందాడింది. ఆదెమ్మ వంటకి వంక పెట్టినవాళ్ళు ఆ అడవిలో ఇంతవరకూ లేరు. చివరికి ధైర్యం చేసి వంటశాల గుమ్మంలో నిలబడింది.

"ఆదెమ్మక్కా, మడిలో కొరికితే ఇది తియ్యగా ఉంటుంది. నీ గిన్నెలోంచి వచ్చేసరికి చేదవుతోంది. మధ్యలో ఏమవుతోందో నాకు తెలీదు. నువ్వొక్కటి తిని చూడక్కా."

ఆదెమ్మకి ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళుగా గరిటె పట్టినదానికి ఈ పిల్ల పాఠాలు చెబుతోందా అనుకుంది. పొమ్మనబోయింది. కానీ చిన్నాలు చెవులు గజగజ వణుకుతున్నాయి. అది గొడవకి రాలేదని ఆదెమ్మకి అర్థమైంది. సరేనని ఒక ఆకు వేసుకుని కూర్చుంది. మిగిలిన కూర వడ్డించుకుని ఒక ముద్ద తింది.

అంతే, మొహం మాడిపోయింది. ఎలాగో మింగింది. తర్వాత పచ్చిది ఒకటి కొరికింది. కరకరలాడుతూ కమ్మగా ఉంది. ఆదెమ్మకి చాలా సిగ్గేసింది. రెండు పూటలు ఇంతమందికి ఈ చెత్త పెట్టానా అనుకుంది.

మర్నాడు ఇద్దరూ కలిసి పొయ్యి దగ్గర కూర్చున్నారు. ముందు కొన్ని వేయిస్తే, కడిగిన తడికి మెత్తబడిపోయాయి. తడి తుడిచి వేయిస్తే, ఊరికే కలపడం వల్ల ఎర్రబడలేదు. ప్రతిసారీ ఒక ముక్క పక్కకి తీసుకుని తిని చూశారు. మూడోసారి తొడిమ కోసి, రెండు చెక్కలు చేసి, గుడ్డతో తుడిచారు. ఇనప మూకుడులో నూనె బాగా కాగాక, కోసిన వైపు అడుగున ఉండేలా పేర్చారు. మూత లేదు, గరిటె లేదు. అడుగు ఎర్రగా వేగాక తిరగేసి, ఉప్పేసి, ఆవాలు, ఎండుమిరప, కరివేపాకు పోపు పెట్టారు. వేరుశనగ, నువ్వుల పొడి చల్లారు. దించాక నిమ్మకాయ పిండారు.

మూడో బంతిలో అందరూ తలెత్తకుండా తిన్నారు. రెండోసారి వడ్డన మొదలవగానే గంటయ్య నోరు ముందు తెరుచుకుంది. ఇంకొంచెం వేయమన్నాడు. తర్వాత ఇంకొంచెం. ఆఖరికి ఏ ఆకులోనూ ఒక్క చెక్క మిగల్లేదు.

పెద్దపులి మూతి తుడుచుకుంటూ, పనికిరాని పంటను కూడా ఇంత రుచిగా చేశావంటే అది నీ చేతి గొప్పతనమే అని ఆదెమ్మను మెచ్చుకుంది. అందరూ తలలూపారు.

ఆదెమ్మ ఊరుకుంటే ఆ పేరంతా తనదే. కానీ మూల నిలబడ్డ చిన్నాలు వైపు చూసి ఊరుకోలేకపోయింది.

"పంట మొదటి నుంచీ మంచిదే. రెండు పూటలు దాన్ని చెడగొట్టింది నేను. మడి తీసేయాల్సి వస్తే ముందు నా గరిటె తీసేయండి."

చిన్నాలు ఏడ్చేసింది. గంటయ్య మూడోసారి కూడా ఊడ్చేసిన తన ఆకు వైపు, ఆదెమ్మ వైపు మార్చి మార్చి చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని, చేమదుంపలు ఎక్కడైనా వేసుకోవచ్చు గానీ, వచ్చే ఏడు ఈ బుడ్డ క్యాబేజీలు ఇంకో నాలుగు సాళ్ళు ఎక్కువ వేయమని చిన్నాలుని బతిమాలాడు.

నీతి: ఎదుటివారి పంటను పనికిరానిదనే ముందు, మన వంట మనం తిని చూసుకోవాలి.