బయటికే తెరుచుకునే తడిక

"స్వామీ, ఆక్రమించి కూర్చున్నవాణ్ని తరమకుండా ఖాళీ చేయించినట్టు చరిత్రలో ఎక్కడైనా ఉందా?" అని శిష్యుడు ఓబులేసు అడిగాడు. అడిగిన రోజునే జవాబు చెప్పే అలవాటు గురువు చిదంబరయ్యగారికి లేదు.

అదే వారం కొండ కింది కాలనీ నుంచి నాగరత్తమ్మ ఆయన దగ్గరికి వచ్చింది. ముళ్లపంది ఆమె ఇంటి వెనక గోడ కింద బొరియ తవ్వింది. గోడ బీటవారింది. తొలకరి పడితే ఆమెకున్న ఒక్క గదీ కూలుతుంది. పొరుగింటి కుళ్లాయప్ప అప్పటికే గడ్డిమోపు, ఈటె సిద్ధం చేసుకున్నాడు: పొగ పెడితే బయటికొస్తుంది, పొడిస్తే కూరవుతుంది. అదంతా రక్తపాతమని మండిపడ్డ ఓబులేసు, బొరియలో రాళ్లు కూరబోయాడు.

"రాత్రి తిరిగే జీవం అది. పగలు మూస్తే లోపలే ఉండిపోతుంది. ఇంకో దారి ఇంట్లోకే తవ్వుతుంది," అన్నారు గురువుగారు. ఆ సాయంత్రం బొరియ ముందు ముగ్గుపిండి చల్లించారు. తెల్లారి చూస్తే పెద్ద అడుగులు బయటికి, మళ్లీ లోపలికి. ఓబులేసు చెవి ఆనించి విన్నాడు. లోపల సన్నని మూలుగులు.

"పిల్లలు నడిచేదాకా ఆగుదాం," అన్నారు గురువుగారు.

"బారసాలకు మమ్మల్నీ పిలుస్తావా సామీ?" అన్నాడు కుళ్లాయప్ప.

"ఈటె ఇంట్లో పెట్టి వస్తే పిలుస్తాను."

పదకొండు రోజులు గడిచాయి. బీట మరో బెత్తెడు సాగింది. మబ్బు పట్టినప్పుడల్లా నాగరత్తమ్మ ముఖం చూడలేక ఓబులేసు గోడకు దుంగలు ఊతగా పెట్టాడు. సహనం కడుపు నిండినవాళ్ల సరుకని పళ్లు నూరాడు. అయినా సాయంత్రం పిండి చల్లడం మానలేదు. పన్నెండో పొద్దున ఆ పిండి మీద, పెద్ద అడుగుల పక్కనే, రేగిపండంతేసి అడుగులు. రెండు పిల్లలవి.

ఆ సాయంత్రం బొరియకు వెదురు తడిక వేలాడగట్టారు. లోపలి నుంచి నెడితే తెరుచుకుంటుంది, బయటి నుంచి నెడితే లోపలి అంచున పెట్టిన రాతికి ఆని బిగుస్తుంది. మర్నాడు చూస్తే మూడు జీవాల అడుగులూ కొండవైపు సాగాయి. తెల్లవారుజామున తడిక దాకా తిరిగొచ్చిన అడుగులు కూడా, వెదురు మీద గీరిన గుర్తులు వదిలి, మళ్లీ కొండెక్కాయి.

బొరియలో రాళ్లూ మట్టీ కూరి దిమ్మెసతో గట్టిపడేదాకా కొట్టారు. మట్టి మోసింది కుళ్లాయప్పే. మధ్యాహ్నం తొలకరి విరుచుకుపడింది. గోడ నిలిచింది! వీధి వీధంతా వానలోకొచ్చి కేక వేసింది. నాగరత్తమ్మ తడుస్తూనే గోడను అరచేత్తో చరిచి నవ్వింది. ఆగడం కూడా పోరాటమేనని ఆ వీధికి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు.

ఓబులేసు పిడికిలి ఎత్తాడు. "గెలిచాం స్వామీ! ఒక్క ముల్లు విరగలేదు, ఒక్క ఇటుక రాలలేదు!"

గురువుగారు తడికను అతని చేతికిచ్చారు.

"నువ్వు ఆనాడు అడిగావే, ఆక్రమించి కూర్చున్నవాడని, వాడి గుమ్మం ఇంతకన్నా పెద్దదై ఉంటుంది. కొలత నువ్వే తీసుకోవాలి."