దిగడానికి అనుమతి

గజపతికి విసుగు నెత్తికెక్కింది. సొంత విమానం ఉండి కూడా ఇంటిల్లిపాదినీ అన్నయ్య ఊరికి తీసుకెళ్ళలేకపోతున్నాడు.

గ్రానైట్ వ్యాపారం కలిసొచ్చాక నాలుగు సీట్ల చిన్న విమానం కొనుక్కున్నాడు. నడపడం నేర్పింది దయానందం మాస్టారు. ఫ్లయింగ్ క్లబ్బులో సగం మంది ఆయన శిష్యులే. మాట తక్కువ మనిషి. రిటైరయ్యాక కూడా రోజూ క్లబ్బు షెడ్డుకి వచ్చి, ఏదో ఒక విమానాన్ని గుడ్డతో తుడుస్తూ ఉండేవారు.

ఆ ఉదయం గజపతి నేరుగా ఆయన దగ్గరికొచ్చి పడ్డాడు.

"ఇక నావల్ల కాదు మాస్టారూ! అన్నయ్యకి ఇష్టమని మా అమ్మ పనసపండు తెస్తానంటుంది. ఆ బరువుకి ఇంకో పిల్లాణ్ణి ఎక్కించుకోవచ్చు. నీ బరువెంతో చెప్పవే అంటే మా ఆవిడ మాట్లాడ్డం మానేసింది. మా అమ్మాయేమో పిల్లిని వదిలి రానంటుంది. అందర్నీ ఒప్పించేసరికి మబ్బు పట్టింది. మబ్బు విడిచేసరికి అమావాస్య, కదలకూడదంది అమ్మ!"

మాస్టారు అద్దం తుడుస్తూనే అడిగారు. "చివరికి ఏం తేల్చావు?"

"పండు వద్దు, తొనలు ఒలిచి తెమ్మన్నాను. పిల్లి పక్కింట్లో ఉంటుంది. రేపు పొద్దున్నే బయలుదేరతాం. మీరు సరేనంటే చాలు."

"ఎగరడానికి కంట్రోల్ టవర్ వాళ్ళేమన్నారు?"

"ఒప్పుకున్నారు."

"దిగేదెక్కడ?"

"ఆ ఊరి పక్కనే చక్కెర మిల్లు వాళ్ళ రన్‌వే ఉంది. ఫోన్ చేసి అడిగితే మేనేజరు సంతోషంగా రమ్మన్నాడు."

"మీ అన్నయ్య?"

"చెప్పలేదు మాస్టారూ. ఊరి మీద ఒక చుట్టు తిరిగి దిగితే జనమంతా పరిగెత్తుకొస్తారు. అన్నయ్య మాత్రం రాకుండా ఉంటాడా? అమ్మ ఫోన్ చేస్తానంటే నేనే వద్దన్నాను."

మాస్టారికి సంగతి తెలుసు. అన్న కూతురి పెళ్ళిలో, మగపెళ్ళివాళ్ళ ముందే గజపతి అన్నని నానా మాటలూ అన్నాడు. ఆ తర్వాత అన్నదమ్ములకి మాటల్లేవు. మధ్యలో నలిగిపోతున్నది తల్లి.

మాస్టారు గుడ్డ పక్కన పెట్టి, గజపతి విమానం తాళంచెవి తీసి జేబులో వేసుకున్నారు.

"ఇదేంటి మాస్టారూ! ఇన్నాళ్ళు ఇంతమందితో వేగి ఇక్కడిదాకా వస్తే, ఇప్పుడు మీరు కూడానా?"

"ఫోన్ చెయ్యి."

"చేసి ఏమనను?"

"మిల్లు మేనేజర్ని ఏమని అడిగావు?"

గజపతి జేబులోంచి ఫోన్ తీశాడు. మాస్టారు మళ్ళీ గుడ్డ అందుకున్నారు.

గజపతి చాలాసేపు షెడ్డు ముందు అటూ ఇటూ తిరిగాడు. ఒకసారి నంబరు నొక్కి కట్ చేశాడు. రెండోసారి అవతల ఎత్తారు.

"అన్నయ్యా, నేను..."

"తెలుసు. చెప్పు."

విమానం సంగతి, అమ్మ సంగతి, అనుకున్నవేవీ నోటికి రాలేదు. "ఆ రోజు పందిట్లో నేనలా అని ఉండకూడదు," అన్నాడు. "ఇంటికి రావచ్చా?"

అవతల వంటింట్లో కుక్కరు కూత వినిపించింది.

"అందర్నీ వెంటేసుకుని రావద్దు," అన్నాడు అన్న చివరికి. "వాళ్ళ ముందు నేనేమీ అనలేను. ముందు నువ్వొక్కడివే రా."

"ఎప్పుడు రమ్మంటావు?"

"ఆ రోజు తినకుండా పోయావు. భోజనానికి రా."

ఫోన్ పెట్టేసిన చప్పుడైంది. అయినా గజపతి దాన్ని చెవి దగ్గరే పట్టుకుని నిలబడ్డాడు.

"ఒక్కణ్ణే రమ్మన్నాడు మాస్టారూ."

"ఎప్పుడు?"

"భోజనానికి. ఇవాళో రేపో చెప్పలేదు."

మాస్టారు తలెత్తి ఎండ వంక చూశారు. తర్వాత జేబులోంచి తాళంచెవి తీసి శిష్యుడి చేతిలో పెట్టారు.

"మరి ఇంకా ఇక్కడే నిలబడ్డావేం?"