నలుగు రుచి మరిగిన మొసలి

అనగనగా, ఓడలు లవంగాల వాసన మోసుకుతిరిగే రోజుల్లో, జావా దీవిలో ఒక చిన్న రాజ్యం ఉండేది. ఆ రాజుకు ఒక్కతే కూతురు, పేరు కెనాంగ. తల్లి పురిట్లోనే పోతే, లస్త్రి అనే దాది ఆ పిల్లను గుండెల మీద పెట్టుకుని పెంచింది. కెనాంగ ఆమెను పిన్నీ అని పిలిచేది.

కెనాంగకు బాలీ దీవి రాకుమారుడితో పెళ్ళి కుదిరింది. మనకు లాగే అక్కడా పెళ్ళికూతురికి నలుగు పెడతారు. దాన్ని వాళ్ళు లులుర్ అంటారు. నానబెట్టిన బియ్యం, పచ్చి పసుపు, గంధం, మల్లెపూలు రోట్లో మెత్తగా నూరి ఒంటికి పట్టిస్తారు. ఆరాక చేత్తో నలిచి రాలుస్తారు. రాలిన పొడిని మాత్రం ఎక్కడపడితే అక్కడ పారేయకూడదు. అందులో పెళ్ళికూతురి ఒంటి వాసన ఉంటుంది కదా, అందుకని మల్లెపొదల మొదట్లో గొయ్యి తీసి పూడ్చాలి. అది వాళ్ళ పెద్దలు పెట్టిన ఆచారం.

పెళ్ళి దాకా రోజూ కెనాంగకు నలుగూ స్నానమూ నది రేవులోనే. మొసళ్ళు రాకుండా రేవు చుట్టూ వెదురు దడి కట్టి, పడవ రావడానికి ఒక తలుపు పెట్టి, దానికి గడియ వేశారు.

మల్లెపొదలేమో కోటకు ఆ చివర. ఎండ మండిపోతోంది. లస్త్రికి మోకాళ్ళ నొప్పులు. ఒక మధ్యాహ్నం, 'ఈ ఒక్కసారికి ఏమవుతుందిలే' అనుకుని పొడిని దడి మీదుగా నదిలోకి విసిరేసింది. ఏమీ కాలేదు. మర్నాడూ విసిరింది. ఆ మర్నాడూ విసిరింది. బద్ధకం అలవాటు కావడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి.

అప్పుడు నది మధ్యలో రెండు కళ్ళు పైకి లేచాయి.

"బాగుందమ్మా నీ వడ్డన," అంది మొసలి తీరిగ్గా. "ఇలాంటి రుచి నేనెన్నడూ ఎరగను. రోజూ వెయ్యి. మానావంటే నీ సంగతి రాజుగారి చెవిన వేస్తాను."

రాజరేవులో మొసలికి మేత వేసినవాళ్ళను దీవి దాటించాలని రాజు ఏనాడో చాటింపు వేయించాడు. దీవి దాటిస్తే, పెళ్ళయినా చూడకుండా కెనాంగను విడిచి ఎలా వెళ్ళడం? తేలు కుట్టిన దొంగలా లస్త్రి నోరు మూసుకుంది. పొడి వేస్తూనే ఉంది.

కొన్నాళ్ళకు ఆ కళ్ళు నది మధ్య నుంచి దడి దగ్గరకు వచ్చాయి.

"పొడి చాలడం లేదు," అంది మొసలి. "ఆ పిల్ల కట్టి విడిచిన బట్ట ఇటు పడెయ్యి."

లస్త్రి తడిబట్ట పడేసింది. కెనాంగ అడిగితే, ఏటి నీటికి కొట్టుకుపోయిందని చెప్పింది. కెనాంగ నవ్వి, పోతే పోనీలే పిన్నీ అంది. ఆ పిల్ల అంత తేలిగ్గా నమ్మినందుకు లస్త్రికి ఆ పూట అన్నం సయించలేదు.

మూడోసారి మొసలి దడిని ఆనుకునే పడుకుంది. దాని ముట్టె వెదుళ్ళ సందులోంచి లోపలికి వచ్చింది. కుళ్ళిన మాంసం కంపు రేవంతా కమ్ముకుంది.

"రుచి తెలిసింది, వాసన తెలిసింది. ఇక ఆ పిల్లే కావాలి," అంది. "రేపు నలుగు వేళకు గడియ తీసి ఉంచు. నువ్వు పక్కకు తప్పుకో, నీకేం భయం లేదు. నది లాక్కుపోయిందని చెప్పు. అబద్ధం చెప్పడం నీకు చేతనవునుగా."

కోటకెలా చేరిందో లస్త్రికే తెలియదు. గడియ తీయనంటే? పెళ్ళి పడవ ఈ నది మీదుగానే వెళ్ళాలి. వాసన పట్టిన మొసలి దారిలో కాచుకుని ఉంటుంది. చెబితే తనకు దేశాంతరం, చెప్పకపోతే పిల్ల ప్రాణం. పసుపు నూరుతూ బియ్యం నేలపాలు చేసింది.

"ఏం పిన్నీ, జ్వరమా?" అంటూ కెనాంగ ఆమె నుదుటి మీద చెయ్యి వేసింది.

ఆ చెయ్యి తగలగానే లస్త్రి ఇక ఓర్చుకోలేకపోయింది. పొడి సంగతి, బట్ట సంగతి, గడియ సంగతి, అన్నీ చెప్పేసింది. కెనాంగ ముఖం పాలిపోయింది.

"బట్ట పోయిన రోజే చెప్పి ఉంటే బాగుండేది పిన్నీ," అంది.

"అవును తల్లీ. అప్పుడు భయం ఇంత పెరగలేదు," అంది లస్త్రి, కళ్ళు తుడుచుకుంటూ. "కానీ ఒకటి విను. ఆ మొసలికి నీ ముఖం తెలియదు. తెలిసింది నలుగు రుచి, నీ బట్ట వాసన, అంతే."

ఇద్దరూ కలిసి ఒక అరటి బోదె తెచ్చారు. రెండు కొసలా మొనలు చెక్కిన వెదురు ములుకులు దాని లోపల నిలువునా దిగ్గొట్టారు. పైన దట్టంగా నలుగు పట్టించి, కెనాంగ బట్ట చుట్టారు.

మర్నాడు కెనాంగ కోటలోనే ఉండిపోయింది. లస్త్రి ఆ బోదెను చివరి మెట్టు మీద కూర్చోబెట్టి, నడుంలోతు నీళ్ళలోకి దిగి, గడియ తీసింది. నీళ్ళు కదల్లేదు. గరుకైన ఒళ్ళేదో ఆమె మోకాలిని రాసుకుంటూ మెల్లగా లోపలికి వెళ్ళింది.

"తప్పుకో," అంది మొసలి.

లస్త్రి తప్పుకుంది. మొసలి ఎగిరి బోదెను కరిచింది. ములుకులు పై దవడలోకీ కింది దవడలోకీ దిగబడ్డాయి. అది నీళ్ళను చిలికి, తోకతో దడిని విరగ్గొట్టి, సముద్రం వైపు పారిపోయింది. బోదె దాని నోట్లోనే ఇరుక్కుపోయింది. ఇక అది ఎవరి మీదా ఏ చాడీ చెప్పలేదు.

లస్త్రి ఒడ్డున కూలబడింది. దడిని వరద విరగ్గొట్టిందంటే సరిపోతుంది. ఎవరూ అడగరు. అయినా తడిబట్టలతోనే లేచి రాజు దగ్గరకు వెళ్ళింది. తన తప్పంతా తానే చెప్పింది.

"మొసలి నోరు మూతపడిందిగా. నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. ఎందుకు చెప్పావు?" అన్నాడు రాజు.

"మొసలి పోయింది ప్రభూ. దాని భయం మాత్రం నాలోనే ఉంది. అదీ పోవాలని చెప్పాను."

కెనాంగ తలుపు చాటున నిలబడి వింటోంది.

"శాసనం శాసనమే. నిన్ను దీవి దాటించక తప్పదు," అన్నాడు రాజు. "నా కూతురి పెళ్ళి పడవ బాలీకి వెళుతుంది. అందులో ఎక్కి దాటు. మళ్ళీ రాకు. అక్కడే ఉండి దాన్ని చూసుకో."

పెళ్ళి దాకా లస్త్రి ప్రతి మధ్యాహ్నం, మోకాళ్ళు పట్టుకుంటూ, నలుగు పొడిని మల్లెపొదల దాకా మోసింది. కెనాంగ తోడు వెళ్ళి గొయ్యి తీసింది.

పిల్లలూ, భయపడి దాచిన తప్పును మనమే రోజూ మేపుతాం. నోరు తెరిచి ఒప్పుకున్న నాడే దాని నోరు మూతపడుతుంది.