మసి పూయని ఆకు

చందముఖుడికి మిగిలింది ఒక్క రోజే.

అతను కృష్ణ ఒడ్డు నుంచి ఓడెక్కి సింహళం వచ్చి మూడేళ్ళయింది. అక్కడ కొండ మీది మఠంలో ఉత్తియుడనే వృద్ధ భిక్షువు దగ్గర చదువుకున్నాడు. చదివినదంతా కంఠస్థం. ఇక ఒక్క రోజు తానే పాఠం చెప్పి చూపించాలి. చెప్పగలిగితే, ఇతడు బోధించవచ్చునని గురువు ఒక తాటాకు మీద రాసిస్తాడు. ఆ ఆకు లేనివాణ్ణి అతని ఊరి విహారంలో గురుపీఠం దగ్గరికి కూడా రానివ్వరు. ఓడ మర్నాడే. అది తప్పితే గాలి మళ్ళీ అటు తిరిగేది ఏడాదికి.

పరీక్షకు ఆ మఠంలో ఒక పద్ధతి ఉంది. కొత్తవాడు పొద్దున పల్లెవాళ్ళకు పాఠం మొదలుపెడతాడు. మధ్యాహ్నం అందరూ ఇళ్ళకు పోతారు, తింటారు. తిరిగి రమ్మని గంట కొట్టరు, కబురు పంపరు. వచ్చేవాళ్ళు వస్తారు, అదే తీర్పు.

ఆ పొద్దున కింది పల్లె నుంచి తొమ్మిదిమంది వచ్చారు. అందరూ పెద్దవాళ్ళే, ఒక్కరికీ అక్షరం ముక్క రాదు. కుండలు చేసే సిరిమ ముందు కూర్చుంది. బొగ్గులు కాల్చే పుంచా అనే ముసలాయన ఆమె పక్కన మోకాళ్ళు పట్టుకుని చతికిలబడ్డాడు.

చందముఖుడు తన పుస్తకం విప్పాడు. ఊరికి తీసుకుపోవడానికి మూడు నెలలు కూర్చుని తన చేత్తో రాసుకున్న పుస్తకం అది. ఒక్కొక్కరికీ ఒక్కో ఆకు ఇస్తూ పాఠం ఎత్తుకున్నాడు.

“మాట మనదే,” అంది సిరిమ పక్కవాళ్ళతో. “ఈయన నోట్లో పడేసరికి అన్నంలో రాయిలా కరకరమంటోంది.”

అందరూ నవ్వారు. చందముఖుడి చెవులు ఎర్రబడ్డాయి. సరిగ్గా అప్పుడే పుంచా ఆకు కోసం చెయ్యి చాచాడు. ఆ చెయ్యి మణికట్టు దాకా నల్లగా ఉంది.

“మా దేశంలో చేతులు కడుక్కుని పుస్తకం ముట్టుకుంటారు,” అన్నాడు చందముఖుడు.

ముసలాయన లేచి వెళ్ళి తొట్టి దగ్గర కడుక్కుని వచ్చాడు. గోళ్ళలో, అరచేతి గీతల్లో నలుపు అలాగే ఉంది.

“మళ్ళీ కడుక్కో.”

ఈసారి ఇసక పెట్టి తోముకుని వచ్చాడు. మెటికల దగ్గర చర్మం లేచింది. నలుపు మాత్రం పోలేదు.

“అది మురికి కాదు సామీ,” అంది సిరిమ. ఈసారి ఆమె నవ్వడం లేదు. “ఆయన చేతులే అంత.”

“అయితే ఆ చేతులతో అక్షరం పట్టుకోకూడదు. వెనక కూర్చుని వినమను.”

పుంచా వెనక కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా విన్నాడు. అందరితోపాటు లేచి వెళ్ళిపోయాడు.

భోజనాల వేళ దాటింది. చందముఖుడు తొమ్మిది చాపలు తనే దులిపి పరిచాడు. నీడలు మెట్ల దాకా సాగాయి. ఒక్కరూ రాలేదు.

గురువు దగ్గరికి వెళ్ళేసరికి ఆయన గంటం పట్టుకుని ఆకు మీద ఏదో గీస్తున్నాడు.

“ఆచార్యా, వాళ్ళు మొద్దులు. నా యాస విని నవ్వడానికి వచ్చారు. చదువుకోవడానికి కాదు. మూడేళ్ళ నా చదువు మీరు చూశారు. దాన్ని ఈ కుండలవాళ్ళూ బొగ్గులవాళ్ళూ తేల్చాలా?”

ఉత్తియుడు ఆఖరి గీత గీసి ఆకు అతని చేతిలో పెట్టాడు.

చందముఖుడికి ప్రాణం లేచి వచ్చింది. గురువు దయ తలిచాడనుకున్నాడు. ఆకును వెలుగుకు అటూ ఇటూ తిప్పి చూశాడు. పచ్చి గీతలు. మసి పట్టిస్తే తప్ప అక్షరాలు తేలవు.

“మసి పుయ్యలేదు,” అన్నాడు.

“మఠంలో అయిపోయింది. కింద పుంచా దగ్గర ఉంటుంది. మనకు ఎప్పుడూ ఇచ్చేది అతనే.”

చందముఖుడు కింది పల్లె వైపు చూశాడు. తర్వాత, “ఎవరినైనా పంపితే?” అన్నాడు.

“ఓడ ఎక్కేది నువ్వు కదా, నాయనా.”

కొండ దిగేసరికి పొద్దు వాలుతోంది. పుంచా గుడిసె ముందు బట్టీ సన్నగా పొగలు కక్కుతోంది. అరుగు మీద మఠానికి వచ్చే మసి చిప్పలే వరసగా ఉన్నాయి. మూడేళ్ళుగా తను వేలు ముంచిన చిప్పలు.

“చేతులు కడుక్కోమంటావా, సామీ?” అన్నాడు ముసలాయన లేవకుండానే.

చందముఖుడు ఆకు చాపాడు.

“కింద పెట్టు. నేను పట్టుకోకూడదుగా.”

“పట్టుకో, తాతా.” ఆకును ఆ నల్లటి అరచేతి దగ్గరికి జరిపాడు.

పుంచా ఆకు అందుకున్నాడు. నూనెలో తడిపిన మసి బొటనవేలితో ఈ చివర నుంచి ఆ చివరకు రాశాడు. ఆకంతా నల్లబడింది. తర్వాత గుడ్డతో ఒక్క తుడుపు తుడిచాడు. నలుపు పోయి, గీతల్లో మాత్రం నిలిచింది.

చందముఖుడు చదివాడు.

‘ఇతడు చదువుకున్నాడు. ఇంకా ఎవరికీ పాఠం చెప్పలేదు.’

కింద రేవులో ఓడవాళ్ళు నీళ్ళ కుండలు ఎక్కించుకుంటున్నారు. వాళ్ళ కేకలు ఇక్కడిదాకా వినిపిస్తున్నాయి.

“నలభై ఏళ్ళుగా పూస్తున్నాను,” అన్నాడు పుంచా. “అందులో ఏం రాస్తారో ఒక్కటీ తెలీదు. తెలుసుకుందామనే పొద్దున కొండెక్కాను. పోనీ, దీంట్లో ఏముందో చెప్పు.”

ఏం చెప్పినా చెల్లుతుంది. ఆ ముసలాయన కనిపెట్టలేడు.

చందముఖుడు అరుగు మీద అతని పక్కన కూర్చున్నాడు. ఆ నల్లటి వేలు పట్టుకుని మొదటి అక్షరం మీద పెట్టి, దాన్ని పలికాడు. నాలుక ఇంకా కరకరమంటూనే ఉంది.

పుంచా కూడా అచ్చం అలాగే పలికాడు.