పోలి ముద్ద

“నీళ్లో! పడవలో నీళ్లో!”

కేక వీధి ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది. జనమంతా ఒడ్డుకు ఒకటే పరుగు. అందరికన్నా ముందు పోలి! ఆ పడవలో ఉన్నది ఆవిడ ఒక్కగానొక్క కొడుకు దానయ్య మరి!

ఇది ఎప్పటి మాట? మన తాతల తాతలకు ఇంకా మీసాలు రాని నాటి మాట.

ఆ ఊరికి ఉన్నది ఒకే పెద్ద పడవ. చెక్కను పురుగు తినేస్తోందని అడుగున రాగిరేకు పరిచి, ఇనప మేకులు కొట్టారు. అబ్బో, బంగారంలా మెరిసింది! కానీ ఉప్పునీళ్లలో రాగిని ఆనుకున్న ఇనుము నిలుస్తుందా? మేకులు పిప్పిపళ్లలా రాలిపోయాయి. దానయ్య ఎలాగో ఒడ్డున పడ్డాడు.

“లావు మేకులు కొట్టండర్రా!” అన్నాడు ఊరిపెద్ద కొర్లయ్య.

కొట్టారు. మళ్లీ కేక, మళ్లీ పరుగు, మళ్లీ నీళ్లు!

“రేకు పీకేద్దాం మావా,” అన్నారు కుర్రాళ్లు.

“పీకితే పురుగు తింటాది కదేటి!” అన్నాడు కొర్లయ్య.

పోలి ఇంటికొచ్చి తన వల ముందేసుకుని కూర్చుంది. పేద మనిషి. వల మునగడానికి కట్టే సీసం గుళ్లకు బదులు, ఒడ్డున దొరికిన పాత మేకులూ రాగి ముక్కలూ తీగకు గుచ్చి వలకు కట్టుకునేది. చూస్తే ఏముంది! రాగి పక్కనున్న మేకు పొడిపొడి. అదే తీగకు తుత్తునాగం, అంటే జింకు, ముద్ద కూడా ఉన్నచోట మేకు నిక్షేపంలా ఉంది. ముద్ద మాత్రం తెల్లబడి గుంటలు పడింది.

“ఓలమ్మో! రాగికి ఆకలేస్తంది! ముద్ద పెడితే మేకు జోలికి పోదు!”

“రాగికి ఆకలేటే అత్తా? కూరేటి వొండమంటావు?” అని నవ్వారు. కొర్లయ్యేమో అది దిష్టికనుకుని, ముద్దను నల్లతాడుతో పడవ కొమ్ముకు వేలాడదీశాడు.

మళ్లీ కేక, మళ్లీ పరుగు, మళ్లీ నీళ్లు!

పోలికి ఒళ్లు మండింది. “ముద్ద ఉట్టిమీద పెట్టి తినమంటే ఎలాగరా? నోటికందాల కదా!” అంటూ తనే పడవ కిందికి దూరి, నీళ్లలో మునిగేచోట, రాగిరేకుకే ముద్దను ఆనించి మేకులతో బిగించింది.

ఈసారి పడవ ఎక్కడానికి ఒక్కడూ రాలేదు.

“అమ్మా, ఈసారీ మునిగితే?” అన్నాడు దానయ్య.

“మునిగితే నానూ నీతోనే!” అని చీర బిగించి ముందు తనే ఎక్కేసింది.

వేటలు సాగాయి. వానలు వెళ్లాయి. పడవను ఒడ్డుకు లాగి తిరగేస్తే, మేకులన్నీ కొత్త పెళ్లికొడుకుల్లా ఉన్నాయి! ముద్ద సగం అరిగిపోయింది!

“తినేసిందిరో! ముద్ద తినేసింది!” అని కొర్లయ్యే గంతులేశాడు.

పోలి పోయి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలీదు. కానీ ఆ తీరంలో నేటికీ పడవకు కట్టే తుత్తునాగాన్ని పోలి ముద్ద అనే అంటారు. అరిగింది తీసి కొత్తది బిగిస్తూ, “పోలి తల్లీ, నోటికందేలా పెట్టాం!” అని కేకేస్తారు. ఆ బిగింపు అయ్యేదాకా ఎవరూ మెతుకు ముట్టరు. అయిందా, ఇసకలో ఆకులు పరిచేస్తారు. వేడి అన్నం, చేపల పులుసు. పడవ గలాయనా, వల లాగే కూలీలూ, ఆడా మగా, పిల్లా జెల్లా, అందరూ ఒకే వరుసలో చతికిలబడతారు.