రెండు నెగళ్ల కొండ

పిల్లలూ, అనగనగా ఒక రాజు కాదు, ఇద్దరు రాజులు. ఇద్దరికీ నడుమ ఒకటే కొండ.

ఇటు రత్నకూటం రాజు ధర్మకేతుడు, అటు పాలవేలి రాజు భీమసింహుడు. మధ్యలో తెల్లకొండ. ఏడాది పొడుగునా మంచే. గడ్డి మొలవదు, పిట్ట వాలదు. అయినా సరే, "కొండ మాది" అని వీళ్లు, "కాదు, మాది" అని వాళ్లు. తాతలనాడు ఒక కట్టుబాటు చేసుకున్నారు. శిఖరం మీద చెరోవైపూ చెరో నెగడు మండాలి. ఎవరి నెగడు ఆరితే వాళ్లకు కొండమీద హక్కు పోయినట్టే. ఇంకేముంది! నెగడుకు కట్టెలు మోయడానికి సైనికులు, వాళ్లకు కాపలాగా ఇంకొందరు సైనికులు. కత్తి దెబ్బకు పోయినవాడు ఒక్కడూ లేడు. అందరూ చలికి పోయినవాళ్లే.

ధర్మకేతుడికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతు కొండెక్కి మంచు కింద పడి చనిపోయాడు. రెండోవాడు విజయకేతు మూడేళ్లుగా అక్కడే ఉన్నాడు. ఈ చలికాలం దాటేలా లేడని కబురొచ్చింది. రాణి అన్నం ముట్టడం మానేసింది.

"అన్నయ్యను దింపెయ్యండి నాన్నగారూ," అన్నాడు మూడోవాడు చిత్రకేతు.

"మనం దిగితే రేపే వాళ్లు ఎక్కి కూర్చుంటారు," అన్నాడు రాజు. కన్నతండ్రే, కానీ రాజు కదా!

చిత్రకేతు తనే బయల్దేరాడు. ఏడు సముద్రాలేమీ దాటలేదు గానీ, ఏడు లోయలు దాటాడు. దారిలో రాళ్ల సందున కాలు ఇరుక్కున్న కొండమేకను విడిపిస్తే అది వెంటే వచ్చింది. శిఖరం మీద ఒక రామచిలుక ఇటు శిబిరానికొచ్చి "వస్తున్నారు! వస్తున్నారు!" అని అరిచింది. అటెళ్లి అదే అరిచింది. ఇటువాళ్లు బాణాలు ఎక్కుపెట్టారు, అటువాళ్లూ ఎక్కుపెట్టారు. ఎవరూ రాలేదు.

"ఈ కొండ గుహలో మంచుకేశుడనే మాంత్రికుడున్నాడు. మనుషుల భయమే వాడికి తిండి. వాడి ప్రాణం ఆ చిలుకలో ఉంది," అంది మేక.

"అయితే దాని మెడ విరిచేస్తా!"

"నీకు ముందు ముగ్గురు విరిచారు నాయనా. ఇంకో చిలుక పుట్టింది. దాని మాట వినేవాడు లేనినాడే అది చస్తుంది."

గుడారంలో విజయకేతు కాలివేళ్లు నల్లబడి ఉన్నాయి. "నువ్వెందుకొచ్చావురా? అమ్మకు ఒక్కడైనా మిగలొద్దూ?" అన్నాడు. చిత్రకేతుకు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాడు. తర్వాత కత్తి అక్కడే పడేసి, ఒట్టి చేతులతో అటు శిబిరానికి నడిచాడు.

అక్కడి సైన్యాన్ని నడిపేది భీమసింహుడి కూతురు మందారమాల. ఆమె అన్న కూడా ఆ మంచులోనే పోయాడు.

"మీ నెగడు ఆర్పండి," అన్నాడు చిత్రకేతు.

"ముందు మీరు ఆర్పండి."

"కాదు, ముందు మీరు."

ఇలా ఒక పూట గడిచింది. రెండో పూటా గడిచింది. మూడో పూట ఆమెకు నవ్వొచ్చింది.

"ఇలాగైతే మనిద్దరం ముసలివాళ్లమైపోతాం రాకుమారా! నేను మీ నెగడు దగ్గర కూర్చుంటాను, మీరు మా నెగడు దగ్గర కూర్చోండి. మీవాళ్లు మోసం చేస్తే మీరు మా చేతుల్లో ఉంటారు, మావాళ్లు చేస్తే నేను మీ చేతుల్లో ఉంటాను. కొమ్ము ఊదగానే మీది నేనార్పుతాను, మాది మీరార్పండి."

సంగతి తెలిసి రాజులిద్దరూ మండిపడ్డారు. కానీ కన్నబిడ్డ అవతలి శిబిరంలో ఉంటే బాణాలు వెయ్యమని ఏ తండ్రి అంటాడు?

కొమ్ము మోగింది. ఇద్దరూ దోసిళ్లతో మంచు పోశారు. రెండు నెగళ్లూ ఒక్కసారే ఆరాయి. కట్టుబాటు ప్రకారం ఇక కొండ ఇద్దరిదీ కాదు! సైనికులు బిలబిలా దిగిపోయారు. విజయకేతును ఇటువాడొకడు, అటువాడొకడు భుజాలు పట్టి దింపారు. చిలుక ఖాళీ గుడారాల మీద అరిచి అరిచి, గొంతు పోయి, నేలరాలింది. గుహలో మంచుకేశుడు కరిగి మడుగైపోయాడు.

ఆ తర్వాత ఏటేటా రెండు ఊళ్లవాళ్లూ కలిసి కొండెక్కి, అక్కడ ఎవరూ లేరని చూసి వచ్చేవాళ్లు. చిత్రకేతూ మందారమాలా తలలు నెరిసేదాకా రెండు రాజ్యాలూ చల్లగా ఏలారు.

అయ్యో, వాళ్ల పెళ్లి సంగతి చెప్పలేదు కదూ! దిగివచ్చిన సైనికులంతా పందిట్లో బంతులు తీరి కూర్చున్నారు. పాయసం వడ్డించేలోపే ఎక్కడివాళ్లక్కడ నిద్రపోయారు. రాణి విజయకేతు తల ఒళ్లో పెట్టుకుని, మేళగాళ్లకు ఆపమని సైగ చేసింది. మూడు ముళ్లూ చప్పుడు లేకుండానే పడ్డాయి.