కోడి కడుపులో రోలు

ఒకప్పుడు కోడి రాళ్ళు తినేది కాదు. రాళ్ళు తినే ఖర్మ నాకేమిటి అనుకునేది.

ప్రాణులకు నోళ్ళు పంచిపెట్టే రోజున నేలతల్లి అందరినీ అడిగింది. "ముక్కు కావాలా, పళ్ళు కావాలా? ఏదో ఒకటే ఇస్తాను."

ఆవు పళ్ళు పుచ్చుకుంది. కోడి ముక్కు అడిగింది. "నా పిల్లల మీదికి గద్ద వస్తే దాని కన్ను పొడవాలి. పళ్ళు పెట్టుకుని ఏం చేస్తాను, ఇకిలిస్తూ కూర్చుంటానా?" అంది. కోడికి ముందునుంచీ నోటిదురుసు ఎక్కువే.

ఉలవలంటే కోడికి ప్రాణం. దొరికితే మెడ కింది సంచి ఉబ్బేదాకా తనూ మింగేది, పిల్లలకీ పెట్టేది. అయినా పుట్టి నెల తిరిగినా ఆ పిల్లలకు ఈకలు రాలేదు. ఎర్రటి ఒళ్ళు, రెక్కల చోట నాలుగు పుల్లలు, అంతే. మొన్నటి చిన్న జల్లుకే అన్నిటికంటే చిన్నది వణికి వణికి చచ్చిపోయింది. ఇంకా ఆరు మిగిలాయి. మృగశిర కార్తె పదిహేను రోజుల్లోకి వచ్చేసింది. అసలు వాన పడితే ఆ ఆరూ దక్కవని కోడికి తెలుసు.

ఏడుస్తూ తల దించుకుంటే రెట్టలో ఉలవ గింజ ఒకటి నిగనిగలాడుతూ కనిపించింది.

"నిన్న మింగితిని కదే నిన్ను! అలాగే ఉన్నావేం?" అంది కోడి.

"మరెలా ఉండమంటావు? నమిలావా, నలిపావా?" అంది ఉలవ. "ఈకకీ కండకీ కావలసిన సత్తువంతా నా లోపలే ఉంది. తొక్క పగిలితే కదా బయటికొచ్చేది!"

కడుపులోంచి పేగు కూడా అందుకుంది. "బాగా నలిగి నీళ్ళలా జారేదాన్నే నేను పీల్చుకోగలను. గింజని గింజలాగే పంపిస్తే దారి ఇవ్వడం తప్ప నేనేం చేసేది?"

కోడి నేలతల్లి దగ్గరికి పరిగెత్తింది. "అమ్మా, నాకు పళ్ళు కావాలి."

"ముక్కు ఇచ్చేసి తీసుకుపో" అంది నేలతల్లి.

పైన గద్ద తిరుగుతోంది. ముక్కు ఇచ్చేస్తే పిల్లలు గద్ద పాలు. ఇవ్వకపోతే వాన పాలు. కోడి దిగులుగా వెనక్కి తిరిగింది.

ఊరి చివర అసిరమ్మ ఉండేది. రోళ్ళకు గాట్లు పెట్టడం ఆవిడ పని. ఆవేళ ఆవిడ నానబెట్టిన ఉలవలు రుబ్బుకుంటోంది. కోడి ఆవిడ ముందు కూలబడి తన గోడంతా చెప్పుకుంది.

"ఓసి పిచ్చి మొకమా!" అంది అసిరమ్మ నోరు తెరిచి చూపిస్తూ. లోపల ఒక్క పన్ను లేదు. "నేను తిండి మానీసేనేటి? నోరు సెయ్యలేని పని రోలు సేస్తాది."

అంతే, మాట పూర్తిగా వినకుండా కోడి ఏటి ఒడ్డుకు పోయింది. నున్నగా మెరిసే గులకరాళ్ళు ఏరి ఏరి మింగింది. కడుపు వాటిని గిరగిరా తిప్పింది. ఉలవలు అటూ ఇటూ జారుతూ, "చక్కిలిగింతలు పెట్టకే!" అని నవ్వాయి. మర్నాడు గింజ గింజలాగే బయటికొచ్చింది.

అసిరమ్మ తల కొట్టుకుంది. "నున్నటి రాయికి నలుగుతాదేటే? నునుపెక్కిన రోట్లో పప్పు జారిపోతాదనే కదా ఊరంతా నా కాడికొస్తారు! ఇదిగో, ఉలి కింద రాలిన ముక్కలు. అంచులున్నాయి, ఇయి మింగు. ముందు గింజల్ని నాననీ. నానని పప్పు ఎవలికి నలిగింది?"

ఈసారి కోడి బుద్ధిగా విన్నది. గింజల్ని మెడ కింది సంచిలో నిలిపి నాననిచ్చింది. అవి కిందికి దిగుతుంటే కడుపు వాటి మీద తన పుల్లనీళ్ళు చల్లింది. ఆ కింద గట్టి కండ సంచి ఉంది. కందనకాయ అంటామే, అదే. అది రాతిముక్కల్ని బిగించి పట్టి గరగరా తిప్పింది.

"అయిపోయాను!" అంది ఉలవ. తొక్క పగిలింది.

నలిగిన ముద్ద పేగులోకి జారింది. పేగు దాన్ని ఇంకా ఇంకా విడగొట్టి, సత్తువ పీల్చి, నెత్తురుకు అందించింది. నెత్తురు దాన్ని మోసుకుపోయి ఈకలు మొలిచే చోట దించింది. కోడి పిల్లలకీ చిన్న చిన్న రాతిరవ్వలు మింగించింది. (మీరు మాత్రం నమిలే తినండి. మీకు కందనకాయ లేదు.)

మృగశిర వాన రానే వచ్చింది. అయిదు పిల్లలకు ఒంటినిండా ఈకలు. ఆరోదానికి వీపు మీద ఇంకా రాలేదు, దాన్ని తల్లి రెక్క కిందికి లాక్కుంది. పొద్దంతా కురిసి వాన తెరిపిచ్చాక కోడి భయం భయంగా చూసుకుంది. ఆరూ ఉన్నాయి.

సంతోషం పట్టలేక అసిరమ్మ దగ్గరికి పరిగెత్తింది. "అప్పా, ఇంకాసిని ముక్కలు ఇయ్యవా? లోపలివి అరిగిపోతున్నాయి."

"అరగవేటి మరి? అరుగుతాయి" అంది అసిరమ్మ. "నేనెల్లకాలం ఉంటానేటే? నువ్వే ఏరుకోడం నేర్చుకో. నీ పిల్లలకీ నేర్పు."

అప్పటినుంచే కోడి, గింజల కుప్ప మీద నిలబెట్టినా సరే, దిగివచ్చి కాళ్ళతో నేల గీకుతుంది. అంచులున్న రాయి దొరికితే ముందు తను మింగదు. క్లక్ క్లక్ అంటూ పిల్లల్ని పిలుస్తుంది.